రోగి హక్కులు – ఆహారపు గొట్టము – మన బాధ్యత
(వికారాబాదు, తాండూరు సంఘ సభ్యుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవములనగానే మనము కట్టిన గుడులను, నడిపిన బడులను, తెరచిన దవాఖానాలను తలచుకొందుము. తలచుకొనవలసినదే. కాని నూరేండ్ల క్రిందట మన పెద్దల ముందున్న ప్రశ్న ఒకటి, నేడు మన ముందున్న ప్రశ్న మరొకటి. ఆనాడు రోగిని దవాఖానా వరకు తెచ్చుట ఎట్లు అన్నదే ప్రశ్న. వాడి–సికింద్రాబాదు రైలు మార్గము 1874లోనే ఈ ఊళ్ళ మీదుగా వచ్చినను, స్టేషను దాకా రోగిని తెచ్చుటకు ఎడ్లబండియే గతి. నేడు ఫోను చేస్తే 108 బండి వాకిట్లోకి వచ్చుచున్నది. 2023లో వికారాబాదుకు ప్రభుత్వ వైద్య కళాశాల కూడ వచ్చినది. ఇక నేటి ప్రశ్న: దవాఖానా లోపలికి పోయిన మనిషి మాట అక్కడ చెల్లునా?

నాకిచ్చిన అంశము "ఆసుపత్రిలో రోగి హక్కులు". అది చాలా పెద్దది. నేను చాలా ఏండ్లు నర్సుగా పనిచేసినదానను. విరమించిన తరువాత మంచము పట్టినవారి ఇండ్లకు పోయి వచ్చుచున్నాను. ఆ అనుభవముతో ఈ అంశములో ఒక్క మూలనే పట్టుకొని మాట్లాడుదును. నోటితో తినలేని రోగికి గొట్టము ద్వారా ఇచ్చే ఆహారమును ఎప్పుడు మొదలుపెట్టవలెను? ఎప్పుడు ఆపవచ్చును? ఆ మాట చెప్పవలసినది ఎవరు?

ముందుగా ఆ గొట్టమేమిటో చూతము. ముక్కులో నుండి కడుపు వరకు పోయే సన్నని గొట్టమును దవాఖానాలో రైల్స్ ట్యూబు అందురు. ఇంగ్లండు దేశపు వైద్యుడు జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ 1921లో దీనిని వాడుకలోనికి తెచ్చినాడు గనుక ఆయన పేరు నిలిచినది. ఎక్కువ కాలము అవసరమైనవారికి పొట్ట మీద చిన్న రంధ్రము చేసి నేరుగా కడుపులోనికి పెట్టే గొట్టము మరొకటి ఉన్నది. పెద్ద ఆపరేషను లేకుండ దానిని పెట్టే పద్ధతి 1979–80లలో అమెరికాలో వచ్చినది. ఈ గొట్టములలో పాలు, జావ, పప్పుకట్టు, డాక్టరు వ్రాసిన పొడి కలిపిన నీళ్ళు పెద్ద సిరంజితో రెండు మూడు గంటలకొకసారి పోయుదురు. పోసేటప్పుడు తల ఎత్తిపెట్టవలెను. లేనియెడల అది ఊపిరితిత్తులలోనికి దిగి ప్రమాదము తెచ్చును.

చూచుటకు గొట్టము ఒక్కటే. దాని పని మాత్రము రెండు విధములు. ఒకటి, వంతెన వంటిది. పక్షవాతము వచ్చినవారికి మింగే శక్తి పోవచ్చును. చాలమందికి అది కొన్ని దినములకో వారములకో తిరిగి వచ్చును. అంతవరకు గొట్టము వారిని ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు చేర్చును. తలకు దెబ్బ తగిలినవారికి, గొంతు ఆపరేషను అయినవారికి కూడ ఇంతే. రెండవది, ఆవలి ఒడ్డు లేని వంతెన. శరీరము తన పనులను ఒక్కొక్కటిగా ముగించుకొనుచున్నప్పుడు, మెదడు తిరిగి మేలుకొనదని తేలినప్పుడు, గొట్టము ప్రాణమును నిలుపవచ్చును గాని మనిషిని తిరిగి తేలేదు. ఈ రెండింటిని కలిపివేసినందుననే మన ఇండ్లలో సగము కలత.

మొదటిదానికి ఒక ఉదాహరణ చెప్పెదను. తాండూరు వైపు నాపరాళ్ళ పనిచేసే కుటుంబము. ఇంటి పెద్దకు యాభై దాటినవి. పక్షవాతము వచ్చి మాట, మింగుడు రెండును పోయినవి. వారము తిరగకముందే చూడవచ్చినవారందరు, "ఎందుకమ్మా ఆయన్ని గోస పెడుతున్నరు, ఆ పైపు తీసెయ్యుండ్రి" అనుట మొదలుపెట్టినారు. భార్య నన్ను అడిగినది. "అమ్మా, ఇది తీసే గొట్టము కాదు, ఊడిపోవలసిన కాలము వచ్చేదాకా ఉంచే గొట్టము" అని చెప్పి, మళ్ళీ డాక్టరు దగ్గరకు పంపినాను. డాక్టరు మింగుడు వ్యాయామము నేర్పించినారు. ఐదు వారములకు గొట్టము తీసినారు. ఇప్పుడాయన మెత్తగా కలిపిన పప్పన్నము తన చేతితో తినుచున్నాడు. ఆ రోజు ఇరుగుపొరుగు మాట విని ఉంటే ఆ మనిషి లేడు. గొట్టము తీయుట గూర్చి మాట్లాడే ముందు ఈ సంగతి మనస్సులో ఉంచుకొనవలెను.

రెండవదానికి వత్తును. వికారాబాదు దగ్గరి గ్రామములో ఒక ముసలవ్వ. ఏడెనిమిదేండ్లుగా మతిమరపు వ్యాధి. మొదట పేర్లు మరచినది, తరువాత మనుష్యులను మరచినది, చివరకు మింగుట కూడ మరచినది. నగరములో ఒక ఆసుపత్రిలో చేర్చి గొట్టము వేసినారు. ఆమె దానిని లాగివేసినది. మళ్ళీ వేసినారు, మళ్ళీ లాగినది. అప్పుడు రెండు చేతులను మంచమునకు కట్టినారు. చూడబోయిన కూతురికి తల్లి తెలివిగా ఉన్న రోజుల్లో పొరుగింటి వానిని చూచి వచ్చి అన్న మాట గుర్తుకు వచ్చినది: "నాకు గిట్ల ముక్కుల పైపులు పెట్టి కట్టెయ్యకుండ్రి బిడ్డా." పెద్ద కొడుకు ఒప్పుకొనలేదు. "నీళ్ళు పొయ్యకుండ అమ్మను సంపుతమా?" అన్నాడు. ఇద్దరును తల్లిని ప్రేమించినవారే. ఇద్దరి ప్రశ్నలోను న్యాయమున్నది.

సహోదరులారా, ఆ కొడుకు మాటను తేలికగా తీసికొనరాదు. మన దేశములో ప్రేమకు మరో పేరు అన్నము. ఎదురుపడినవానిని "తిన్నవా?" అని అడిగి గాని "బాగున్నవా?" అని అడుగము. చంటిబిడ్డకు చందమామను చూపి ముద్ద పెట్టుదుము. పోయేవారి నోట్లో చివరగా నీళ్ళ చుక్క పోయని కొడుకు కొడుకు కాడనుట అన్ని మతములవారిలోను ఉన్నది. ఇక మన ప్రాంతములో ఇంకొక జ్ఞాపకము కూడ ఉన్నది. అనంతగిరి కొండమీద క్షయ ఆసుపత్రి ఉండెడిది. క్షయకు మందులు సరిగా రాని కాలమున ఏ శానిటోరియములోనైనను వైద్యమనగా మంచి గాలి, విశ్రాంతి, మంచి తిండి. తిండియే మందు అన్న నమ్మకము మనకు ఊరకే రాలేదు.

లేఖనములు కూడ ఆకలిని చిన్నచూపు చూడలేదు. చావు కోరి చెట్టుక్రింద పండుకొనిన ఏలీయాకు ఉపదేశము కంటె ముందు రొట్టెయు నీళ్ళును దొరికినవి. యాయీరు కుమార్తెను లేపిన ప్రభువు వెంటనే చెప్పినది ఆ పిల్లకు తిననిమ్మనియే. అయితే మరొక సంగతి కూడ అక్కడనే ఉన్నది. సిలువ దగ్గర సైనికులు అందించిన మత్తు పానీయమును ఆయన వద్దన్నాడు. అటు తరువాత తానే దాహమన్నాడు, అందించినది అందుకొన్నాడు. దీనిలో నుండి చట్టము తీయుటకు నేను పండితురాలను కాను. నర్సుగా నాకు కనబడినది ఇంతే: ఒకే నోరు ఒక గడియ వద్దనును, ఒక గడియ కావలెననును. పరిచర్య చేయువారు రెండింటిని వినవలెను.

మరి ముద్ద పెట్టుటయు గొట్టములో పోయుటయు ఒక్కటేనా? ముద్దలో రుచి ఉన్నది, వాసన ఉన్నది, ఎదుట ఒక ముఖమున్నది. చాలునంటే ముఖము త్రిప్పుకొనే స్వేచ్ఛ ఉన్నది. గొట్టములో ఇవేవియు లేవు. అది ఒక వైద్య సాధనము. మంచి సాధనమే, కాని సాధనమే. సెలైను వలె, ఆక్సిజను వలె దానికి లాభమున్నది, నష్టమున్నది. వేయుటకు అనుమతి కావలెను, ఎందుకు వేసినారో కారణముండవలెను.

ఈ మాటను న్యాయస్థానములు కూడ విచారించినవి. ఇంగ్లండులో 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో ఆటస్థలములో జరిగిన తొక్కిసలాటలో టోనీ బ్లాండ్ అనే యువకుని మెదడు శాశ్వతముగా దెబ్బతిన్నది. అప్పటికి అతనికి 18 ఏండ్లు. తల్లిదండ్రులును డాక్టర్లును ఏకమై అడుగగా, గొట్టము ద్వారా ఇచ్చే ఆహారము కూడ వైద్యములో భాగమేననియు, దాని వలన రోగికి మేలు లేనప్పుడు ఆపవచ్చుననియు 1993లో అక్కడి ప్రభువుల సభ తీర్పు చెప్పినది. అమెరికాలో టెర్రీ షయావో అనే స్త్రీ సంగతి వేరుగా నడచినది. ఆమె 1990లో కూలిపోయినది. ఆమె కోరిక ఇది అని భర్త, కాదు అది అని తల్లిదండ్రులు ఏండ్ల తరబడి కోర్టుల చుట్టు తిరిగినారు. గొట్టమును తీయుట, మళ్ళీ పెట్టుట రెండు మారులు జరిగినది. 2005 మార్చిలో కడసారి తీసిన తరువాత ఆమె మరణించినది. ఆమె ఒక్క కాగితము వ్రాసి ఉంచలేదు. ఆ ఒక్క కాగితము లేనందున ఒక కుటుంబము చీలిపోయినది.

మన దేశములో అరుణా షాన్‌బాగ్ పేరు మీరు వినియుందురు. ఆమె కూడ నర్సే. 1973 నవంబరు 27న బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో, తాను పనిచేసే చోటనే, ఆమె మీద ఘోరమైన దాడి జరిగినది. మెదడు దెబ్బతిన్నది. ఆమెకు ఆహారము ఆపుటకు అనుమతించవలెనని రచయిత్రి పింకీ విరానీ సుప్రీం కోర్టును అడిగినారు. అన్ని ఏండ్లు ఆమెను సాకిన ఆ ఆసుపత్రి నర్సులు, సిబ్బంది వద్దన్నారు. 2011 మార్చి 7న కోర్టు ఆ మనవిని త్రోసివేసినది. అరుణ పక్షమున మాట్లాడవలసినవారు ఆమెను దినదినము చూచుకొనిన ఆసుపత్రివారే అన్నది. అయితే కొన్ని పరిస్థితులలో, హైకోర్టు అనుమతితో, ప్రాణమును నిలుపు చికిత్సను ఆపవచ్చునని అదే తీర్పులో మొదటిసారి త్రోవ తెరచినది. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో కన్నుమూసినది. దాదాపు 42 ఏండ్లు ఒక మంచము మీద పడియున్న మనిషికి పుండ్లు పడకుండ చూచుకొనిన ఆ నర్సులకు నేను చేతులెత్తి నమస్కరింతును. వారు ఆమెకు అన్నము పెట్టినది చట్టమునకు భయపడి కాదు.

మన హైదరాబాదులో కూడ ఒక సంగతి జరిగినది. కె. వెంకటేశ్ అనే 25 ఏండ్ల చదరంగము ఆటగాడు కండరములు క్షీణించే డ్యూషెన్ వ్యాధితో మంచము పట్టినాడు. తన అవయవములు పాడు కాకముందే ఇతరులకు ఇచ్చి పోవలెనని అతని కోరిక. అతని పక్షమున తల్లి 2004 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టినది. మెదడు మరణించక ముందు అవయవములు తీయుటకు 1994 నాటి చట్టము ఒప్పుకొనదు గనుక కోర్టు అనుమతించలేదు. ఆ నెలలోనే అతడు మరణించినాడు. అతడు కోరినది చికిత్స నిరాకరణ కంటె చాల పెద్దది. కోర్టుకు వేరే మార్గము లేదు. కాని గమనించండి, తన శరీరము గూర్చి తానే ఆలోచించి, తానే చెప్పుకొనగల రోగి ఉండునని మన తెలుగువారికి చూపినవాడు అతడే.

ఇక నేటి చట్టము. 2018 మార్చి 9న సుప్రీం కోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, గౌరవముతో మరణించుట కూడ జీవించే హక్కులో భాగమేనని చెప్పినది. సూది వేసి చంపుట నేరమే, నేటికిని నేరమే. కాని తెలివిలో ఉన్న వయోజనుడు తనకు చికిత్స వద్దనవచ్చును. రాబోయే దినములకు ముందుగానే వీలునామా వంటి కాగితము వ్రాసి ఉంచవచ్చును. 2018లో పెట్టిన నియమములు మరీ చిక్కుగా ఉన్నవని 2023 జనవరి 24న వానిని సులభము చేసినారు. ఇప్పుడు ఆ కాగితము మీద ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరింపించిన చాలును. నేను మాట్లాడలేని స్థితిలో ఫలానావారు నా పక్షమున మాట్లాడవలెనని ఒకరి కంటె ఎక్కువ మంది పేర్లు వ్రాయవచ్చును. మనస్సు మారితే ఆ కాగితమును రద్దు చేసికొనవచ్చును.

రోగి మాట్లాడలేనప్పుడు, కోలుకొనే ఆశ లేనప్పుడు ఏమి చేయవలెను? చికిత్స చేయు డాక్టరు, కనీసము ఐదేండ్ల అనుభవము గల మరి ఇద్దరు నిపుణులు కలిసి మొదటి వైద్య మండలిగా చూతురు. తరువాత జిల్లా ముఖ్య వైద్యాధికారి సూచించిన డాక్టరు ఒకరు, మొదటి మండలిలో లేని ఇద్దరు నిపుణులు కలిసి రెండవ మండలిగా చూతురు. ఒక్కొక్కరు 48 గంటలలో అభిప్రాయము చెప్పుట మంచిదని కోర్టు అన్నది. రోగి పేర్కొన్నవారు, లేక దగ్గరి బంధువులు ఒప్పుకొనవలెను. మేజిస్ట్రేటుకు తెలియజేసి అప్పుడు అమలు చేయుదురు. మండలి కాదన్న యెడల హైకోర్టుకు పోవచ్చును. తాండూరుకు ఆవలనే ఉన్న కర్ణాటక రాష్ట్రము ఈ తీర్పును తన ఆసుపత్రులలో అమలు చేయుటకు 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చినది.

నేను చెప్పిన ముసలవ్వ కుటుంబము ఈ మార్గములోనే నడచినది. డాక్టరుగారు అన్నను చెల్లెలిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి, మతిమరపు వ్యాధి ముదిరినవారికి గొట్టము వలన ఆయుష్షు పెరుగుననిగాని, ఊపిరితిత్తులలోనికి పోకుండ ఆగుననిగాని ఋజువు లేదనియు, ఓపికతో చేతితో కొద్దికొద్దిగా తినిపించుటయే మేలనియు వివరించినారు. "మేము అన్నము ఆపుట లేదు, గొట్టము ఆపుచున్నాము" అన్న ఆ మాటతో పెద్ద కొడుకు మెత్తబడినాడు. మండలుల పని ముగిసిన తరువాత చేతుల కట్లు విప్పినారు. ఇంటికి తెచ్చుకొన్నారు. జొన్న అంబలి చెంచాతో పెదవులకు అందిస్తే ఒకనాడు చప్పరించినది, ఒకనాడు వద్దన్నది. పదకొండు దినములకు పోయినది. పోయిననాడు ఆమె చేయి కొడుకు చేతిలో ఉన్నది.

ఇక్కడ చాలమందిని పీడించే భయము ఒకటి ఉన్నది: ఆకలితో మాడ్చి చంపినట్లు కాదా? అంతిమ దశలో శరీరము ఆకలిని తానే తగ్గించుకొనును. తినకపోవుట వలన పోవుట కాదు, పోవుచున్నందున తినకపోవుట. ఆ దశలో బలవంతముగా సెలైను ఎక్కించిన యెడల కాళ్ళు చేతులు ఉబ్బును, ఛాతీలో నెమ్ము పేరుకొనును, గురక ఎక్కువగును. అప్పుడు కావలసినది మరొక విధమైన సేవ. తడి దూదితో నోరు, పెదవులు తుడుచుచుండవలెను. పెదవులకు వెన్న రాయవలెను. ప్రక్కలు మార్చుచుండవలెను. నొప్పికి మందు ఇప్పించవలెను. మార్ఫిన్ మాత్ర దొరుకుటలోని చిక్కులను తగ్గించుటకు 2014లో మత్తు మందుల చట్టమును సవరించినారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఈ ఉపశమన వైద్యము చేయుచున్నారు. మన రాష్ట్రములో జిల్లాలలో ఉపశమన వైద్య కేంద్రములను, ఇంటికే వచ్చే "ఆలన" బండ్లను ప్రభుత్వము ఏర్పాటు చేసినది. చికిత్స ఆగినంత మాత్రమున సేవ ఆగదు. సేవ ఆగిన చోట గొట్టము తీయుట పాపమే.

క్రైస్తవ లోకములో ఈ విషయమై ఒకే మాట లేదని కూడ చెప్పవలెను. 1957లో పన్నెండవ పయస్ పోపుగారు, రోగికి మితిమీరిన భారమయ్యే అసాధారణ చికిత్సను తప్పక చేయవలెనను నియమము లేదన్నారు. 2004లో రెండవ జాన్ పాల్ పోపుగారు, గొట్టము ద్వారానైనను ఆహారము నీళ్ళు ఇచ్చుట సామాన్య సేవయే గాని చికిత్స కాదన్నారు. ఆ ఆహారము దాని పని చేయునంత వరకు అని కూడ అన్నారు. ప్రొటెస్టంటు సంఘములలో అనేకులు దీనిని రోగి మనస్సాక్షికి విడుచుచున్నారు. భేదములున్నను ఒక్క చోట అందరును ఏకముగా ఉన్నారు: డబ్బు మిగుల్చుటకో, భారము దించుకొనుటకో ఒక ప్రాణమును విడువరాదు.

ఇక్కడికి వచ్చినప్పుడు నాకు నిజముగా దుఃఖము కలుగుచున్నది. ఎందుకనగా మన ప్రాంతములో గొట్టములు ఎక్కువగా తీయించునది మనస్సాక్షి కాదు, బిల్లు. ఐ.సి.యు. ఖర్చుకు తాళలేక, భూమి అమ్మి, ఇంకేమి అమ్మవలెనో తోచక, "మా ఇష్టముతో తీసుకపోతున్నము" అని సంతకము పెట్టి అంబులెన్సులో ఇంటికి తెచ్చుకొందురు. దానిని రోగి హక్కు అనరాదు. అది పేదరికము చేసిన సంతకము. 2016లో చిత్తూరు జిల్లా తంబళ్ళపల్లెలో ఒక పేద తల్లిదండ్రులు, కాలేయ వ్యాధితో ఉన్న తమ పసిపాపకు కారుణ్య మరణము ప్రసాదించుమని కోర్టును వేడుకొన్నారు. వారు చావు కోరినారా? లేదు. ప్రభుత్వ సాయము అందినది. తండ్రి తన కాలేయములో కొంత ఇచ్చినాడు. చెన్నైలో ఆపరేషను జరిగినది. చావు అడిగినవారికి కావలసినది చికిత్సయే. ఎవరైనను "ఇక ఆపండి" అన్నప్పుడు, అది వ్యాధి అనుచున్నదా, అప్పు అనుచున్నదా అని అడుగుట మన మొదటి పని.

అందుకు తగిన సాధనములు లేకపోలేదు. జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో రోగి హక్కుల పత్రమును 17 హక్కులతో సిద్ధము చేసినది. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దానిలోని హక్కులను అమలు చేయుమని రాష్ట్రములకు వ్రాసినది. వ్యాధి ఏమిటో, ఖర్చు ఎంతో అర్థమయ్యే భాషలో తెలిసికొనే హక్కు ఉన్నది. వేరొక డాక్టరు అభిప్రాయము తీసికొనే హక్కు ఉన్నది. బిల్లు కట్టలేదని రోగినిగాని శవమునుగాని ఆపుకొనే అధికారము ఆసుపత్రికి లేదు. రికార్డులు అడిగిన 72 గంటలలో ఇవ్వవలెనని డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002లోనే చెప్పినది. రోగి అనుమతి అనగా సంతకము కాదు, తెలిసి ఇచ్చిన సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ తీర్పులో సుప్రీం కోర్టు స్పష్టము చేసినది.

కాగా గొట్టము వేయుదుమన్నప్పుడు మీరు నాలుగు మాటలు అడుగుడి. ఒకటి, ఇది ఎందుకు? కోలుకొనుటకా, కాలము గడుపుటకా? రెండు, ఎన్ని దినములు చూతురు? రెండు వారములకో మూడు వారములకో మళ్ళీ కూర్చుండి మాట్లాడుదుమా? మూడు, దీనివలన కలిగే బాధ ఏమిటి, చేతులు కట్టవలసి వచ్చునా? నాలుగు, వేయకపోతే ఏమి సేవ చేయుదురు? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకొనడు. కోపగించుకొన్నను మీరు అడుగుట మానవద్దు. అన్నింటికి ముందు, రోగి వినగల స్థితిలో ఉంటే రోగినే అడుగుడి. మనము చేసే వింత ఏమిటనగా, మంచము ప్రక్కన నిలువబడి, మంచము మీది మనిషిని గూర్చి, ఆ మనిషికి వినబడునట్లే, ఆ మనిషిని విడిచి మిగిలిన అందరితో మాట్లాడుదుము.

చివరగా సంఘముగా మనము చేయదగిన పనులు. ఇంట్లో అందరు క్షేమముగా ఉన్న రోజుననే ఈ మాట ఎత్తుడి. భోజనముల తరువాత పది నిమిషములు చాలును. "అవ్వా, నీకు మాట పోతే నీ తరఫున ఎవరు మాట్లాడవలె?" అని అడుగుట అపశకునము కాదు, గౌరవము. ఇష్టమున్నవారు కాగితము వ్రాసికొనుడి. దానికి సాక్షులుగా, నోటరీ దగ్గరకు తోడుగా పోవుటకు మన సంఘ పెద్దలు, మన సభ్యులలోని వకీళ్ళు ముందుకు రావలెను. బిల్లు వలన ప్రాణము పోవు పరిస్థితి ఉన్న ఇంటికి ఆరోగ్యశ్రీ దరఖాస్తు నింపుటకు ఒకరు, రక్తమిచ్చుటకు ఒకరు, చందా వేయుటకు పదిమంది పోవలెను. రాత్రి రెండు గంటలకు లేచి గొట్టములో జావ పోసే కోడలిని వారములో ఒక్క రాత్రి నిద్రపోనిచ్చుటకు మన స్త్రీల సమాజము వంతులు వేసికొనవలెను. దీనికి వైద్యము చదువనక్కరలేదు; తల ఎత్తిపెట్టుట, మెల్లగా పోయుట నేను ఒక్క పూటలో నేర్పెదను.

ఇంకొక మనవి. గొట్టము ఉంచుకొన్న ఇంటికి పోయి "ఎందుకు గోస పెడుతున్నరు" అనవద్దు. గొట్టము తీయించిన ఇంటికి పోయి "మీరే సంపుకున్నరు" అనవద్దు. ఆ రెండు మాటలును నేను చావు ఇండ్లలో విన్నాను. అవి శవము లేచిన తరువాత కూడ ఆ ఇంట్లోనే ఉండును. మీరు పోయినప్పుడు ఒక గిన్నెడు జావ తీసికొని పోవుడి. రోగి తినగలిగితే రోగికి, లేకపోతే రాత్రంతయు మేలుకొని ఉన్నవారికి అది పనికి వచ్చును.